అమ్మ మొక్కిన దేవుళ్లు

పర్చూరు, గురువారం, సెప్టెంబరు 1987

పాఠంలో లేకపోయినా ఈరోజు పిల్లలకు పూర్వపు నార్వే దేవుళ్ల గురించి చెప్పాను. దేవతలందరికీ రాజు ఓడిన్ అనీ, రాజులూ కవులూ ఆయన్నే పొగిడారనీ చెప్పి, ఆయన పేరు బోర్డు మీద అన్నిటికంటే పైన రాశాను.

పత్తి కూలీల అమ్మాయి మార్తమ్మ లేచి, "మరి పొలం పనోళ్లు ఎవరికి మొక్కేవాళ్లండీ?" అని అడిగింది.

"ఉరుముల దేవుడు థోర్‌కమ్మా. వాన ఆయన చేతిలో ఉందని నమ్మేవాళ్లు. క్రీస్తు మతం వచ్చాక కూడా కొందరు ఆయన ఆయుధమైన సుత్తి బొమ్మను మెడలోంచి తియ్యలేదు" అన్నాను.

అంటుండగానే అమ్మ గుర్తొచ్చింది.

మా పత్తికి తెల్లదోమ పట్టిందని అమ్మ పోయిన వారం పోలేరమ్మకు పసుపునీళ్లు పోసి వచ్చింది. ఆదివారం సంఘం ముందు తప్పు ఒప్పుకోకపోతే ఆమెకు ప్రభువు బల్ల దగ్గర, యేసు శరీరమని అందరికీ పంచే రొట్టె ఇవ్వకూడదని మా చర్చి పెద్దలు తీర్మానించారు. సంఘ కార్యదర్శిగా ఆ కాగితం రాసింది నేనే.

సాయంత్రం, "యేసయ్య మీద నమ్మకం పోయిందా అమ్మా?" అని అడిగాను.

"పోవటమేందిరా! నా ప్రాణం ఆయనదే. చేను ఆ తల్లి చూసుద్దని మా అమ్మ చెప్పింది. కళ్లముందు పైరు మాడిపోతుంటే ఊరికే కూచోమంటావా? నేను తప్పని చెప్పను" అంది.

ఆ కాగితం మీద నేనింకా సంతకం పెట్టలేదు. ఆదివారం అమ్మకు ఇవ్వని రొట్టె నేనూ తీసుకోను.