కుర్చీలో నాన్న

జూన్ 9

గొంతులో ఏమీ లేదట. బందరులో ఇ.ఎన్.టి. డాక్టరు టార్చి వేసి మరీ చూశారు. హాస్టల్ మాటెత్తితే నాకు మాటెందుకు పడిపోతుందో ఆయనకి అంతుపట్టలేదు. నాకు తెలుసు. వచ్చే సోమవారం గుడివాడలో కాలేజీ హాస్టల్ తెరుస్తారు. సెకండియర్ కూడా అక్కడే అంటే నాకు పిచ్చెక్కుతుంది. ఆ మాట నాన్నకి చెప్పలేను.

డాక్టరు కౌన్సెలర్ రూతు మేడమ్ దగ్గరికి పంపారు.

జూన్ 10

మేడమ్ నా ఎదురుగా ఖాళీ కుర్చీ వేశారు. అందులో నాన్న ఉన్నారనుకుని, చెప్పాల్సింది చెప్పమన్నారు. టక్కున లేచి నిలబడ్డాను. కూర్చోమన్నారు. నాన్న ముందు ఎలా కూర్చుంటానండీ అన్నాను. సెషనంతా దానికే సరిపోయింది. ఇంట్లో ప్రాక్టీస్ చేయాలట!

జూన్ 12, సాయంత్రం

ఘోరం.

పెరటి వరండాలో కుర్చీ వేసి నిలబడ్డాను. నోరు పెగల్లేదు. నానమ్మ వచ్చి, ఎవరే అందులో అంది. నాన్న అన్నాను. పీట లాక్కుని కుర్చీ ముందు కూర్చుంది. ఒరే నరసింహం, అని మొదలెట్టింది. బీపీ మాత్రలు మానేసిన దగ్గర్నుంచి దులిపేసింది. చివరికి, తొమ్మిదో తరగతిలో నువ్వు హాస్టల్ గోడ దూకి పారిపోయి రాలేదట్రా? ఇప్పుడు మా హర్షిణిని ఏ మొహం పెట్టుకుని పంపుతావు అంది.

ఈ సంగతి నాకు తెలియనే తెలియదు. తల తిప్పితే గుమ్మంలో అసలు నాన్న. పొలం నుంచి ఎప్పుడొచ్చారో! ఏంటమ్మా ఇది అన్నారు. నువ్వుండరా, వాడితో మాట్లాడుతున్నా అంది నానమ్మ.

జూన్ 13

నాన్న ఆ కుర్చీ జోలికి వెళ్లలేదు. గట్టు మీద కూర్చుని కాఫీ తాగారు.

జూన్ 14

ఈసారి మేడమ్ నాన్ననీ రమ్మన్నారు. ఆ ఖాళీ కుర్చీలో ఆయన్నే కూర్చోబెట్టారు. నేను లేచాను. నేను లేచానని నాన్న లేచారు. ఇద్దరం లేచామని మేడమ్ లేచారు. బస్సు కోసం చూస్తున్నట్టు ముగ్గురం నిలబడ్డాం. ఆ గందరగోళంలో అనేశాను. నాన్నా, నేను హాస్టల్‌కి వెళ్లను, అక్కడ రోజూ బాత్రూంలో ఏడ్చేదాన్ని, ఇంటి నుంచే అవనిగడ్డలో చదువుతాను.

ఎంత గట్టిగా వచ్చిందంటే, బయట కూర్చున్నవాళ్లు తొంగిచూశారు. నాన్న మేడమ్‌తో, గొంతు బాగానే ఉందండీ అన్నారు. అంతే. సరేననో కాదనో ఆ దేవుడికే తెలియాలి.

జూన్ 16

గుడివాడ వెళ్లాం. దింపేస్తారేమోనని దారంతా హడలిపోయాను. నాన్న లోపలికెళ్లి నా పెట్టె, పరుపు తెచ్చేశారు. తిరుగు బస్సులో చెప్పారు, ఆయన పారిపోయి వస్తే తాతయ్య మర్నాడే తీసుకెళ్లి మళ్లీ దింపేశారట.

కిటికీ పక్క సీటు ఆయనకిచ్చాను.