సున్నా చూపని కాటా, మా అమ్మాయి రెండో ఆపరేషన్

ఆరోగ్య బీమా ఫిర్యాదుల పరిష్కార అధికారి గారి సముఖమునకు

విషయం: బరువు తగ్గించేందుకు గతంలో చేసిన ఆపరేషన్‌ను సరిచేసే రెండో ఆపరేషన్‌కు బీమా కంపెనీ అనుమతి నిరాకరించుట, సదరు నిరాకరణను రద్దు చేయవలసిందిగా రోగి తండ్రి కోరుట గురించి.

అయ్యా,

పదకొండేళ్ల క్రితం ఒక ఆసుపత్రి వరండాలో బీమా కంపెనీ మనిషి ఒకాయన నా భుజం మీద చెయ్యి వేసి, "పెద్దాయనా, మీరు బెంగ పెట్టుకోకండి. ఈ ఆపరేషన్ వల్ల రేపు ఏ తేడా వచ్చినా బాగుచేయించే పూచీ మాది" అన్నాడు. లోపల మా అమ్మాయిని అప్పుడే బల్ల మీదికి ఎక్కించారు. నేను నమ్మాను. ఉద్యోగం చేసినంత కాలం ఎవరి మాటా నమ్మకుండా బతికినవాణ్ణి, ఆ ఒక్క పూట నమ్మాను. ఆ పూచీ ఏ గంగలో కలిసిందో విన్నవించుకొనుటకే ఈ అర్జీ.

నేను తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం నాలుగో అంశంలో తమకు తెలియగలదు.

1. మా అమ్మాయి రైల్వే స్టేషన్‌లో ప్రకటనలు చదివే ఉద్యోగి. పెళ్లి చేసుకోలేదు. అది ఆమె ఇష్టం. బీమా దరఖాస్తులో ఆ గడికి ఏం పనో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. చిన్నప్పటి నుంచీ లావు మనిషి. లావుగా ఉన్నవాళ్లకు లోకం ధారాళంగా ఇచ్చేది సలహా ఒక్కటే కనుక అది ఆమెకు కావలసినంత దొరికింది. నడక, పస్తులు, పొడులు, మాత్రలు అన్నీ అయ్యాయి. మోకాళ్లు మొరాయించాక ఆపరేషన్‌కు ఒప్పుకుంది. అప్పుడే సర్జను గారు, "ఈమెకు ముందు నుంచీ పులితేన్పులున్నాయి, పొట్ట కత్తిరించడం కంటే పేగుకు దారి మళ్లించడం మంచిది" అని రాశారు. కత్తిరించేదైతే రేపే అనుమతి, మళ్లించేదైతే ఆలోచించాలి అని కంపెనీ జవాబు. మోకాళ్లు ఆలోచించే స్థితిలో లేవు. కత్తిరించారు. పొట్టలో ముప్పాతిక భాగం తీసేసి, మిగిలిన దాన్ని సన్నటి గొట్టంలా కుట్టి పంపారు.

2. మొదట బాగానే ఉంది. బరువు తగ్గింది, మెట్లెక్కింది, పాత బట్టలన్నీ పంచిపెట్టింది. ఆ తర్వాత పొట్టలోని ఆమ్లం పైకి ఎగదన్నడం మొదలైంది. చెప్పులు తొడుక్కోవడానికి వంగితే గొంతులోకి మంట. పడుకుంటే ఊపిరాడని దగ్గు. నాలుగేళ్లుగా మా అమ్మాయి మంచం ఎక్కలేదు. ముందుగదిలో వాలుకుర్చీలో, వీపు వెనక దిండ్లు పేర్చుకుని, కూర్చునే నిద్రపోతుంది. ఆమె మంచం మీద ఉతికిన బట్టలు పడుకుంటున్నాయి. గట్టి ఆహారం మింగితే మంట కనుక పాలు, పాలలో నానిన బిస్కెట్లు, మెత్తటి తీపి పదార్థాలు మాత్రమే దిగుతాయి. వాటితో పోయిన బరువు చాలావరకు తిరిగి వచ్చింది.

గొంతు కూడా పోయింది. ఆ గొంతు బాగున్న రోజుల్లోనే స్టేషన్ వాళ్లు రికార్డు చేసి పెట్టుకున్నారు. ఇప్పుడు పైన మైకుల్లో మా అమ్మాయి గంట కొట్టినట్టు రైళ్లను పిలుస్తుంది. కింద, ఆమెను మార్చిన పోగొట్టుకున్న సామాన్ల కిటికీ దగ్గర అదే మా అమ్మాయి, "గొడుగు ఏ రంగండీ?" అని రెండుసార్లు అడుగుతుంది. మొదటిసారి ఎవరికీ వినపడదు. ఆహారనాళం చివర పుండ్లు పడ్డాయని, ఇంకా ఆలస్యం చేస్తే అవి దేనిగానైనా మారవచ్చని సర్జను గారు అన్నారు. 'దేనిగానైనా' అంటే ఏమిటని నేను అడగలేదు. చాలా చదివినవాణ్ణి, అడగనక్కర్లేదు. ఆయన చెప్పిన మందు ఒక్కటే: ఆనాడు చేయవలసిన దారి మళ్లింపు ఈనాడైనా చేయడం.

3. ఇది పాత ఆపరేషన్ తెచ్చిపెట్టిన రోగం కనుక కంపెనీలో ఆపరేషన్ అనంతర సమస్యల విభాగానికి ఫోన్ చేశాను. "మొదటి ఆపరేషన్ బరువు కోసం కదా సార్? బరువు విభాగాన్ని అడగండి" అన్నారు. బరువు విభాగంలో ఒక అమ్మాయి పలికింది.

"రెండోసారి చెయ్యాలంటే బరువు మా హద్దుకు పైన ఉండాలి సార్. దానికి ముందు ఆరు నెలలు మా ఆహార నిపుణురాలు చెప్పినట్టు తినాలి."

"చెప్పినట్టు తింటే తగ్గుతుంది కదమ్మా?"

"తగ్గుతుంది సార్."

"తగ్గి హద్దు దిగితే?"

"అనుమతి రాదు సార్."

"పోనీ, చెప్పినట్టు తినకపోతే?"

"రోగి సహకరించలేదని రాస్తాం సార్. ఇంకేమైనా సహాయం కావాలా సార్?"

ఆ పిల్ల గొంతులో విసుగు లేదు, వెటకారం లేదు. ఉంటే తట్టుకునేవాణ్ణి.

4. ఆరు నెలలూ మా అమ్మాయి చెప్పినట్టే తిన్నది. మండుతున్నా మింగింది. గడువు తీరాక కంపెనీ క్లినిక్‌లో తూకానికి వెళ్లాం. నేనూ వెంట ఉన్నాను. అంకెలు కనిపించే కరెంటు కాటా. ఎవరూ ఎక్కక ముందే అది కిలోన్నర చూపిస్తోంది.

నేను చూశాను. చూడకుండా ఎలా ఉంటాను? ముప్పై నాలుగేళ్లు అన్నం తిన్నది ఆ చూపుతోనే.

"అమ్మా, ఇది సున్నా దగ్గర లేదు" అన్నాను నర్సుతో.

ఆమె అంకెల వంక చూసి, నా వంక చూసి, మెల్లిగా అన్నది: "పోనిద్దురూ బాబాయ్‌గారూ. ఎక్కువ చూపిస్తే మీకే మంచిది."

"మంచీ చెడ్డా కాదమ్మా. కాటా తప్పు."

"నాన్నా..." అన్నది మా అమ్మాయి. చేతిలో సంచీ ఉంది. పట్టుకోమంటోంది కాబోలనుకుని అందుకున్నాను.

నర్సు నిట్టూర్చి మీట నొక్కింది. సున్నా వచ్చింది. మా అమ్మాయి ఎక్కింది. కంపెనీ హద్దుకు ఆరు వందల గ్రాములు తక్కువ. వారం తిరక్కుండా నిరాకరణ ఉత్తరం వచ్చింది.

5. ఇక్కడ ఒక మాట స్పష్టపరచుట అవసరం. ఈ సంగతి తెలిసిన ప్రతివాడూ నన్నే దోషిగా చూస్తున్నాడు. మా అబ్బాయి వచ్చి, "రిటైరై పన్నెండేళ్లయింది, ఇంకా డ్యూటీ దిగలేదా నాన్నా?" అన్నాడు. పక్కింటి మందుల కొట్టాయన అయితే నా ముఖం చూసి ఏదో అనబోయి, తన కొట్లోని కాటా గుర్తొచ్చి ఊరుకున్నాడు. నేను ఒప్పుకోను. ఆ కాటా మీద ఆ ఉదయం ఎక్కిన ప్రతి మనిషి బరువూ తప్పే. వాళ్లలో ఎందరికి మందు మోతాదు ఆ అంకె చూసి రాశారో కంపెనీకి తెలుసా? కాటా పరీక్ష చేయించిన పత్రం చూపమని అడిగాను. ఇంతవరకు చూపలేదు. నిజం చెప్పినందుకు రోగికి శిక్ష పడే పద్ధతిని ఏ శాస్త్రం సమర్థిస్తుందో తమరే సెలవివ్వాలి.

మా అమ్మాయి మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చి, పాలు కాచుకుని, కుర్చీలో కూర్చుంది. దానికంటే నాలుగు తిట్టినా బాగుండేది.

6. నిరాకరణ ఉత్తరంలో "జీవితకాలంలో బరువు తగ్గించే ఆపరేషన్ ఒక్కసారికే పరిమితం" అని కూడా ఉంది. మరి బరువు హద్దు ఎందుకు చూసినట్టు? పాలసీ పుస్తకం మూడుసార్లు చదివాను. కావ్యాలను వ్యాఖ్యానాలతో సహా నమిలినవాణ్ణి, న్యాయశాస్త్రమూ కొంత తిరగేసినవాణ్ణి. ఈ పుస్తకానికి వ్యాఖ్యాత ఇంకా పుట్టలేదు. పద్దెనిమిదో పేజీలో "ఆపరేషన్ వలన కలుగు హానికి చికిత్స వర్తించును" అని ఉంది. ఇరవై ఆరులో "పై చికిత్స బరువునకు సంబంధించినదైన వర్తించదు" అని ఉంది. మధ్యలోని ఏడు పేజీల్లో మా అమ్మాయి నాలుగేళ్లుగా కూర్చుని నిద్రపోతోంది.

కావున తమ సముఖమునకు మనవి చేసుకొనునది:

అ) ఈ రెండో ఆపరేషన్ సన్నబడడానికి కాదు, పడుకోవడానికి. కనుక దీనిని మొదటి ఆపరేషన్ కలిగించిన హానికి చికిత్సగా పరిగణించి, బరువు ప్రసక్తి లేకుండా అనుమతి ఇప్పించవలెను.

ఆ) సర్జను గారు ఆనాడు రాసిన సలహాను, కంపెనీ ఇచ్చిన జవాబును తమ ముందు పెట్టించవలెను.

ఇ) సదరు కాటాను పరీక్ష చేయించవలెను. ఇది మా అమ్మాయి కోరిక కాదు, నాది. మొదటి రెండింటికీ ఇది అడ్డమైతే దీన్ని కొట్టివేయవచ్చును.

ఇన్నేళ్లలో నేను రాసినవన్నీ ఇతరుల మీద నివేదికలే. అర్జీ రాయడం ఇదే మొదలు. తప్పులుంటే మన్నించి, తప్పు ఎవరిదో మాత్రం మన్నించకుండా చిత్తగించవలెను.

ఇట్లు,
విధేయత అలవాటు లేకపోయినా, ఈ ఒక్క పనికి తమ విధేయుడు,
రోగి తండ్రి

తా.క. ఇది కవరులో పెట్టబోతుండగా కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. తమకు అర్జీ పెడుతున్నానని వాళ్లకు ముందే చెప్పాను. తమ దాకా రాకుండా ఆపాలని కాబోలు, సోమవారం మళ్లీ తూకం వేస్తారట. మా అమ్మాయితో పనిచేసే టికెట్ల గుమస్తా ఇంటికి వచ్చి, "రెండు సీసాల నీళ్లు తాగి ఎక్కెయ్ అక్కా, ఎవడికి తెలుస్తుంది?" అన్నది. మా అమ్మాయి నవ్వింది, నవ్వి దగ్గింది. ఆ పొట్టలో ఒకసారికి టీ కప్పుడే పడుతుందని ఆ పిచ్చిపిల్లకు తెలియదు.

ఆమె వెళ్లాక నేను బీరువా తీశాను. రిటైరైన రోజున తోటివాళ్లు బహుమతిగా ఇచ్చిన ఇత్తడి తూకపురాళ్ల పెట్టె ఉంది. అందులోంచి రెండు రాళ్లు తీసి, మా అమ్మాయి పావడా అంచులో పెట్టి కుడదామని సూదీ దారం పట్టుకుని కూర్చున్నాను. సూది ఎక్కించాను. అంచు మడిచాను. అక్కడ చెయ్యి ఆగిపోయింది. మళ్లీ మడిచాను, మళ్లీ ఆగింది. మా అమ్మాయి కుర్చీలోంచి చూస్తూనే ఉంది.

"ఇక వదిలెయ్ నాన్నా. నీ వల్ల కాదు."

"నీ కోసమేనే."

"తెలుసు. నా కోసమైనా కాదు. ఆ అర్జీ పోస్టు చెయ్యి, పో."

అందుచేత, అయ్యా, సోమవారం కూడా ఆమె సరైన బరువే తూగుతుంది. మాకు మిగిలింది తమ సంతకం ఒక్కటే. కంపెనీ సంగతి తమరు తేల్చగలరు. కానీ నేను ఈనాటికీ నిందించే మనిషి ఇంకొకడున్నాడు. ఉద్యోగంలో చేరిన తొలివారం నన్ను వెంటబెట్టుకుని సొంత తమ్ముడి కొట్టుకు వెళ్లి, కాటా పట్టి చూసి, తమ్ముడి మీదే కేసు రాసి, ఆ సాయంత్రం ఆ తమ్ముడి ఇంట్లోనే కాఫీ తాగుతూ, "అంతేరా అబ్బాయ్, నీకు ఇంతకంటే నేర్పేదేం లేదు" అన్న నా మొదటి పై అధికారి. శాఖంతా ఆయన్ను ఇత్తడాయన అనేది. పోయి చాలా ఏళ్లయింది. నా చెయ్యి పాడుచేసింది ఆ ఇత్తడాయనే.