చుక్క రాని జాకెట్

మంగళవారం, జూలూరుపాడు

హైదరాబాద్‌ల ఆఫీసుకు బండి మీద పోతే తడవొద్దని కొన్న ఖరీదైన వాన జాకెట్‌ను మొన్న ఊరికొచ్చినప్పుడు అన్నకు చూపించిన. ఒక్క చుక్క లోపలికి రాదు, చెమట మాత్రం బయటికి పోతదని గొప్పలు చెప్పిన.

పొద్దున అన్న అదే వేసుకొని పత్తికి మందు కొట్టిండు. జాకెట్ ఉంది కదా అని మూతికి తువ్వాల గూడ కట్టుకోలే. మధ్యాహ్నానికి వాంతులు. దవాఖానాల సెలైన్ ఎక్కుతుంటే "చుక్క రాదంటివి కదరా" అన్నడు, కోపం లేకుండ.

అది వానను ఆపుతది గానీ పురుగుమందును ఆపదు. నాకు తెలుసు. చెప్పాలని తోచలే. ప్రాణానికేం భయం లేదని డాక్టర్ అన్నడు.

ఆ జాకెట్ కొనేముందు నెల రోజులు దాని గురించే చదివిన. అన్న ఇన్నేండ్లుగా ఉత్త బనీను మీదనే మందు కొడుతుండని ఒక్కనాడూ యాదికి రాలే.