ఈరన్న పేరు మీది లాగిన్

ఆదోని, మంగళవారం రాత్రి

ఎమ్మిగనూరు నేతగాడు ఈరన్నను ఈరోజు తోటివాళ్ల ముందే ద్రోహి అన్నాను. వాళ్ల చీరలు అమ్మేందుకు మా సంస్థ చేసిన వెబ్‌సైట్‌లో చీరల ఫొటోల కింద నేసినవాళ్ల పేర్లు ఎవరో తీసేశారు. అక్కడ ఎవరేం మార్చినా మా ఆఫీసులో కనిపిస్తుంది. ఆ మార్పు పక్కన ఈరన్న లాగిన్ కనబడగానే బస్సెక్కి వెళ్లి అరిచాను.

ఆయన మగ్గం ఆపలేదు. "ఆ లాగిన్ నా పేరుతో తెరిసింది నువ్వు. అందరిదీ అని పాస్‌వర్డు గోడకు అంటిచ్చిందీ నువ్వే. ఇప్పుడు నన్నడుగుతాండావేమప్పా?"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

శ్రమకు గౌరవమని కరపత్రాలు పంచే నేను, ఒక్క మాట అడగకుండా మనిషిని... తీసిందెవరో ఇంకా తెలియదు. అందరి ముందు అన్న మాటకు ఫోన్లో క్షమాపణ పిరికితనం. నేతగాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను: "అన్నలారా, రేపు పొద్దున పది గంటలకు మగ్గాల షెడ్డు కాడికి అందరూ రండి. ఈరన్నకు నేను తప్పు ఒప్పుకునేటప్పుడు మీరంతా ఉండాల."