ఆరోవంతు

అక్కా,

ఫోన్లో చెబితే స్టాఫ్‌రూములో అందరూ వింటారని రాస్తున్నాను. పోయిన నెల మా కొండబడిలో రాష్ట్రమంతటికీ పెట్టే లెక్కల పరీక్ష జరిగింది. బస్తా మిరియాల్లో మూడోవంతు అమ్మి, మిగిలినదాంట్లో సగం ఇంట్లో వాడుకుంటే ఇంకెంత ఉంటుందని ఒక లెక్క. ఐదో తరగతి జమున ఆరోవంతు అని గుర్తు పెట్టింది. ఫలితాలు తగ్గితే ఊరుకోనని హెడ్‌మాస్టరు ముందే బెదిరించి ఉన్నారు. నేనే రబ్బరుతో చెరిపి మూడోవంతు చేశాను. తన కాగితంలో అలాంటివి ఇంకో ఆరు దిద్దాను.

ఇప్పుడు జమున మండలంలో ఫస్టు. సోమవారం అధికారులు వచ్చి తనచేత బోర్డు మీద ఆ లెక్కే చేయిస్తారట. వాళ్లమ్మ కొత్త గౌను కోసం డుంబ్రిగుడ సంతకి వెళ్లింది.

మూడు రోజులుగా జమునను కూర్చోబెట్టి నేర్పిస్తున్నాను. ఇవాళ మిరియాలు మూడు కుప్పలు పోసి చూపించాక, "మూడోవంతే మేడమ్!" అని ఎగిరి గంతేసింది. అంతలోనే దాని మొహం మారిపోయింది.

"పరీక్షలో నాను ఆరోవంతు పెట్టినాను గదా మేడమ్. మరి ఫస్టు ఎలాగొచ్చినాను?"

ఏదో పనున్నట్టు వరండాలోకి వచ్చేసి ఇది రాస్తున్నాను. నీ జవాబు అందేలోపు సోమవారం దాటిపోతుంది. జమున ఇంకా కుప్పల ముందు నుంచి లేవలేదు. నేను లోపలికి వెళ్లక తప్పదు.

నీ చెల్లి