తువ్వాలు కింద మాటలు

మంగళవారం, చింతామణి

మనవరాలు లలిత సొంతంగా ఒక భాష కనిపెట్టి, నోటుబుక్కు నిండా కథ రాసుకుంది. ఎంత బతిమాలినా అర్థం చెప్పలేదు.

"నీకు చెప్తే ఊరంతా చాటుతావు తాతా!"

అదీ నిజమే. అయినా ఆ కథలో ఏముందో తెలియకపోతే నాకు అన్నం దిగదు. అందుకే ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పి, కింద దాని వేళ్ళు నొక్కాను. పట్టుగూళ్ళ బేరం ఒకప్పుడు సంతలో మేము ఇట్లాగే, వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటూ గుట్టుగా చేసేవాళ్ళం.

"ఇదీ ఒక భాషేనమ్మా. మీ అవ్వకు గూడా తెలీదు."

"దీంట్లో కథ చెప్పేకి అయితాదా?"

"లేదమ్మా, ధర మాత్రమే చెప్పేకి అయితాది."

"అయితే మనమే మాటలు చేర్చుదాం!"

చిటికెన వేలు మెలిపెడితే దెయ్యమట. రాత్రి మా ఆవిడ సంగటి వడ్డిస్తుంటే లలిత తువ్వాలు కింద నా చిటికెన వేలు మెలిపెట్టింది. నాకు పొలమారింది.

"ఏమప్పా, ఇద్దరూ అట్ల నగుతాండారు?"

సంగటి వేడిగా ఉందని తప్పించుకున్నాను. ఇంకో నాలుగు రోజులు ఇట్లాగే గుట్టు దాస్తే లలిత తన కథ చదివి వినిపిస్తుందట.

ఈ డైరీలో రాసుకోవడం కూడా చాటినట్టేనా?