నట్లకీ స్తోత్రం

గాజువాక, 1984

రత్నమణక్కా, వందనాలు.

నాకు ఉద్యోగం వచ్చేసింది! జర్మనీ యంత్రాలు బిగించే కంపెనీలో అనువాదం పని. మీ మరిదిగారి పని పోయాక ఇల్లు ఎలా గడుస్తోందో నీకు తెలియనిదా!

జర్మనులో కొన్ని మాటలకు రెండేసి బహువచనాలు. ‘ముటర్’ అనే ఒక్క మాటకే ‘మ్యూటర్’ అంటే తల్లులు, ‘ముటర్న్’ అంటే బోల్టులకు బిగించే నట్లు. ఇంటర్వ్యూ కోసం పప్పు రుబ్బుతూ ఇలాంటివి పైకే వల్లించేదాన్ని. మా అత్తగారు నేను పరిశుద్ధాత్మ ఆవేశంలో అన్యభాషల్లో ప్రార్థన చేస్తున్నాననుకుని, ఆగిన ప్రతిచోటా “స్తోత్రం!” అనేవారు.

ఇంటర్వ్యూలో జర్మను ఇంజనీరు అవే అడిగాడు. మొదటి జత చెప్పి ఆగాను. స్తోత్రం వినబడలేదు, రెండో జత నోటికి రాలేదు. ఇక లాభంలేదని నేనే గట్టిగా “స్తోత్రం!” అన్నాను. అంతే, మిగతావన్నీ గడగడా వచ్చేశాయి. ఆయన ఆ మాటకు అర్థం అడిగి తెలుసుకుని, చివర్లో తనే “ఆమెన్” అన్నాడు!

ఇంటికొచ్చి అత్తగారికి అసలు సంగతి చెప్పాను. నోరు తెరుచుకుని చూశారు.

“తల్లులకంటే సరే. నట్లకి కూడా స్తోత్రం సెప్పీసేనా?”

పీట లాక్కుని రుబ్బురోలు పక్కన కూర్చున్నారు.

“మనకి కూడెట్టే నట్లు కదే. మల్లీ సదువు. ఈపాలి తెలిసే సెప్తాను.”

నీ చెల్లి